ఎండ డబ్బా: మిరప కల్లంలో కమిలిన చర్మానికి

మార్చి 22

గుంటూరు శివారులో ఒక మిరప కల్లం. కాయ ఆరబోయడం, తిరగేయడం, తాలు ఏరడం, టిక్కీలకు, అంటే గోనె బస్తాలకు, ఎత్తడం. నెల రోజులపాటు పదిహేను మంది దాకా పొద్దున ఏడింటి నుంచి ఎండలోనే ఉంటారు. చీకటిపడే వేళకు మెడ వెనక, ముంజేతులు, రవికె అంచుకూ కొప్పుకూ మధ్య వీపు మండుతుంటాయి. ఆ మంట చల్లార్చే సామానంతా ఒక స్టీలు డబ్బాలో సర్ది కల్లం పాకలో పెట్టాలన్నది ఈ పని. అక్కడ ఫ్రిజ్ లేదు. బోరు నీళ్లు, నల్ల ప్లాస్టిక్ ట్యాంకు, తాటాకు పాక, పక్క ఊళ్లో మందుల షాపు ఉన్నాయి, అంతే.

ముందు పేర్ల సంగతి తేల్చుకోవాలి. 'ఎండ కొట్టింది' అన్న ఒక్క మాటలో అక్కడ మూడు వేరువేరు జబ్బులు కలిసిపోతున్నాయి. వడదెబ్బ ఒళ్లంతటికీ తగిలేది. జ్వరంలా కాలడం, వాంతి, మాట తడబడటం, మనిషి తూలడం దాని గుర్తులు. దానికి ఈ డబ్బా తెరవకూడదు. నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయాలి. చెమటకాయలు బట్ట కింద, చెమట నిలిచేచోట సన్నగా పొక్కి చిటచిటలాడతాయి. కమలడం మాత్రం ఎండ నేరుగా తగిలినచోటే వస్తుంది. రవికె అంచు దగ్గర గీత గీసినట్టు ఆగిపోతుంది. ఆ గీత కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు కోసం వెతికితే దొరకదు. మెడ మీద చేతి వెనకభాగాన్ని ఆనించి చూస్తే పక్క చర్మం కంటే వేడిగా ఉంటుంది, బిగిసినట్టు ఉంటుంది, నొక్కితే నొప్పి పెడుతుంది. 'నల్లవాళ్లకి ఎండేం చేస్తుంది' అనే మాట ఇక్కడ బాగా వినపడుతుంది. రంగు కొంత కాపు కాస్తుంది, కానీ రోజుకు ఎనిమిది గంటలు కాయదు.

మార్చి 23

వేళ సంగతి. కమలడానికి ముఖ్య కారణం ఎండలోని యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలు, 280 నుంచి 315 నానోమీటర్ల మధ్యవి. అవి తగిలిన వెంటనే ఏమీ తెలియదు. మంట మూడు నుంచి ఆరు గంటల తర్వాత మొదలై 12 నుంచి 24 గంటల మధ్య ముదురుతుంది. పదకొండింటికి కమిలిన మెడ సాయంత్రం ఇంటికి చేరాక గానీ చెప్పదు. రాత్రి పడుకున్నాక ఇక నిద్రపట్టనివ్వదు. కాబట్టి మంట పుట్టాక తెరిచే డబ్బా అంటే సగం ఆలస్యమైన డబ్బా. మధ్యాహ్నం భోజనాల వేళకు నీడకు వచ్చినప్పుడే, మంట ఉన్నా లేకపోయినా, మెడకూ చేతులకూ ఒక విడత తడిగుడ్డ వేయాలని నిర్ణయం.

డబ్బాలో మొదటి వస్తువు మందు కాదు, గుడ్డ. కొత్త గుడ్డ పనికిరాదు. గంజి ఉన్న బట్ట మీద నీటి చుక్క వేస్తే పూసలా నిలబడుతుంది. వాడి వాడి మెత్తబడిన మంగళగిరి పంచె మీద అదే చుక్క పడీపడగానే పరుచుకుపోయింది. పాత పంచెలు రెండు తెచ్చి, వేడినీళ్లలో రెండుసార్లు ఉతికి, 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పుతో పన్నెండు ముక్కలు చేశాం. జరీ అంచు కత్తిరించి పారేశాం, కమిలిన చర్మానికి అది రంపంలా గీసుకుంటుంది.

మార్చి 25

నీళ్లు. ఈ ప్రాజెక్టులో కష్టమైన భాగం ఇదే, మిగతావి కొనుక్కొస్తే అయిపోతాయి.

మధ్యాహ్నం రెండింటికి థర్మామీటరు పెట్టి చూస్తే పాక నీడలో గాలి 38 డిగ్రీలు, ట్యాంకు నీళ్లు 42. చర్మం పైభాగం మామూలుగా 33, 34 డిగ్రీల్లో ఉంటుంది. 42 డిగ్రీల నీళ్లు పోస్తే కమిలిన చర్మాన్ని ఇంకా కాచినట్టే. ఊళ్లో 'నీళ్లు పోసినా మంట తగ్గలేదు' అనే ఫిర్యాదుకు కారణం చాలావరకు ఇదే. కుళాయి తిప్పితే వచ్చేది పైన ట్యాంకులో కాగిన నీరు.

పట్నం బజారు నుంచి పది లీటర్ల మట్టికుండ తెచ్చాం. మొదటిరోజు నింపి, ఆ మట్టివాసన నీళ్లు పారబోశాం. తర్వాత ఇసుక మెత్త మీద, పాక గుమ్మంలో గాలి ఆడేచోట పెట్టి, పొద్దున ఆరింటికి బోరు నీళ్లు నేరుగా పట్టాం, ట్యాంకువి కాదు. మధ్యాహ్నం రెండింటికి కుండలో 27 డిగ్రీలు. సరిపోతుంది. మొదట కుండను పాక లోపలి మూలన పెట్టినప్పుడు 31 దగ్గరే ఆగిపోయింది. కుండకు నీడ ఒక్కటే చాలదు. ఒంటి నుంచి చెమ్మ ఆరిపోతేనే అది చల్లబడుతుంది, ఆరడానికి గాలి కావాలి.

విజయవాడ అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లకు లెక్క వేరు. కుళాయి నీళ్లు 42, ఫ్రిజ్ సీసా నీళ్లు 8 డిగ్రీలు అనుకుంటే చెరిసగం కలిపితే 25 వస్తాయి. 27 డిగ్రీల కుండ నీళ్లుంటే నాలుగు లీటర్లకు ఒక లీటరు ఫ్రిజ్ నీళ్లు చాలు, 23 దగ్గరకు దిగుతాయి. అంతకంటే చల్లగా అవసరం లేదు. ఐసు నేరుగా అసలు పెట్టకూడదు. రక్తనాళాలు ఒక్కసారిగా బిగుసుకుంటాయి, తిమ్మిరెక్కిన చర్మానికి ఐసు కాలుస్తున్న సంగతి తెలియదు, ఎండ దెబ్బ మీద చలి దెబ్బ పడుతుంది.

గుడ్డ వేసే తీరు: కుండనీళ్లలో ముంచి, చుక్కలు కారకుండా పిండి, రెండు మడతలు వేసి మెడ మీద పరవాలి. రుద్దకూడదు, అద్దకూడదు, ఊరికే పరవాలి. 27 డిగ్రీల గుడ్డ మెడ మీద మూడు నిమిషాలకే గోరువెచ్చనవుతుంది. అప్పుడు తీసి రెండో గుడ్డ వేయాలి. రెండు గుడ్డలు మారుస్తూ పదిహేను నిమిషాలు. ఒకటే గుడ్డ పదిహేను నిమిషాలు ఉంచేస్తే అది దుప్పటిలా వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. పక్కన ఒకరు తాటాకు విసనకర్రతో విసురుతుంటే అదే గుడ్డ ఆరేడు నిమిషాలు చల్లగా నిలిచింది. రోజుకు మూడు నాలుగు విడతలు, పడుకోబోయే ముందు ఒకటి తప్పనిసరి.

ఆఖర్న ఇంకో మాట. ఈ తడిగుడ్డ నీడలో వాడటానికే. తడిపిన తుండు మెడ మీద వేసుకుని మళ్లీ ఎండలోకి పోతే చల్లగా ఉంటుంది గానీ, పలచని తెల్ల నూలుబట్ట తడిస్తే పొడిగా ఉన్నప్పటికంటే ఎక్కువ యూవీని లోపలికి వదులుతుంది. చల్లదనం చూసి కాపాడుతోందనుకుంటాం, కింద చర్మం కమిలిపోతూనే ఉంటుంది. ఎండలోకి ముదురు రంగు, చిక్కటి నేత, పొడి బట్ట.

మార్చి 27

తప్పు జరిగింది.

తాగేనీళ్ల క్యాను చల్లగా ఉండాలని దానికి తడి గోనె చుట్టారు. ఆ క్యాను నీళ్లనే గుడ్డలకు వాడారు. గోనె ఎక్కడిదంటే పాత మిర్చి టిక్కీ. పిండిన గుడ్డ ఒక కూలీ ఆమె మెడ మీద పరవగానే మంట తగ్గకపోగా రెండింతలైంది. ఆమె గుడ్డ విసిరికొట్టి 'కారం పూశారేంటమ్మా' అంది. ఆ మాట అక్షరాలా నిజం. క్యాను వంచినప్పుడల్లా గోనె మీద నుంచి కారిన నీళ్లు గుడ్డలు ముంచే గిన్నెలో పడుతున్నాయి.

కారానికీ ఎండమంటకూ లోపల దారి ఒకటే. చర్మంలో వేడిని కనిపెట్టే ఒక గ్రాహకం ఉంది, పేరు టీఆర్‌పీవీ1. మామూలుగా అది 43 డిగ్రీల దగ్గర మేలుకుంటుంది. మిరపలోని క్యాప్సైసిన్ కూడా సరిగ్గా దాన్నే మీటుతుంది, అందుకే కారం 'వేడి'గా తోస్తుంది. కమిలిన చర్మంలో వాపు వల్ల ఆ గ్రాహకం మరీ తక్కువ వేడికే మోగుతుంది. గోరువెచ్చని స్నానం నీళ్లు కూడా నిప్పులా తగలడానికి కారణం అదే. దాని మీద కారపు నీళ్లు పడితే ఇక చెప్పేదేముంది.

క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు. ఎన్ని చెంబులు పోసినా పక్కకు పరుచుకోవడమే. చేసింది ఇది: చల్లని పాలలో ముంచిన గుడ్డ ఐదు నిమిషాలు, కొత్త గుడ్డతో మళ్లీ ఐదు నిమిషాలు. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు క్యాప్సైసిన్‌ను పట్టుకుంటుంది. తర్వాత వాసన లేని సబ్బు నురగతో మెల్లగా కడిగి, కుండనీళ్లతో జారవిడిచి, అప్పుడు మామూలు తడిగుడ్డలు. ఇరవై నిమిషాలకు మంట మునుపటి స్థాయికి దిగింది.

నియమాలు మారాయి. కుండకు గోనె ఉండదు. డబ్బా ముట్టేవాళ్లు ముందు అరచెంచా వేరుశనగ నూనె చేతులకు రాసి, కాగితంతో తుడిచి, అంట్లు తోమే సబ్బుతో రెండుసార్లు కడగాలి. నూనెలో కారం కరుగుతుంది, సబ్బు ఆ నూనెను లాక్కుపోతుంది. గోళ్ల కింద కూడా. గుడ్డలు కల్లంలో ఆరేయకూడదు, మూత ఉన్న డబ్బాలోనే ఉండాలి.

మార్చి 29

కలబంద. పెరట్లో పెంచిన ముదురు ఆకు, 400 గ్రాములు. మొదలు దగ్గర కోయగానే పసుపుపచ్చని చేదు రసం కారింది. గుజ్జు కాదది. పచ్చతోలు కింద ఉండే పాలు, అందులో అలోయిన్ ఉంటుంది, చర్మానికి దురద పుట్టిస్తుంది. 'కలబంద రాస్తే దద్దుర్లొచ్చాయి' అనేవాళ్లలో చాలామంది ఆ పసుపు రసంతో సహా రాసుకున్నవాళ్లే. ఆకును కోసిన వైపు కిందికి పెట్టి గ్లాసులో పదిహేను నిమిషాలు నిలబెట్టాం. తర్వాత కడిగి, ముళ్ల అంచులు తీసి, తోలు చెక్కి, గాజులాంటి గుజ్జును మళ్లీ ఒకసారి కడిగాం. వచ్చింది సుమారు 190 గ్రాములు.

మిక్సీలో వేస్తే నురగ పొంగి సగం గాలే కనిపిస్తుంది. అరగంట వదిలేస్తే కిందికి దిగుతుంది, గుడ్డలో వడకడితే పీచు పోతుంది. నిల్వ మందు ఏదీ కలపలేదు కాబట్టి ఫ్రిజ్‌లో మూడు రోజులు, కల్లం పాకలో అయితే ఆ పూటకే. సాయంత్రానికి లేత గులాబీ రంగుకు తిరిగింది, అది గాలి తగిలి మారిన రంగు. రంగు మారినంత మాత్రాన పాడైనట్టు కాదు గానీ, పుల్లటి వాసన వస్తే పారేయాలి. కల్లానికి రోజూ ఆకు తీసుకెళ్లి అక్కడే కోయడం మేలని తేలింది. ఆకు కుళ్లదు, గుజ్జు కుళ్లుతుంది.

ఎవరికి రాసినా ముందు మోచేతి మడతలో చిన్న చుక్క వేసి ఒకరోజు చూడాలి. బొబ్బ పగిలినచోట పచ్చి గుజ్జు రాయకూడదు.

మార్చి 30

షాపులో దొరికే ఆకుపచ్చ కలబంద జెల్ మూడు రకాలు తెచ్చి చూశాం. ఆకుపచ్చ రంగు కలబందది కాదు, కలిపింది. రెండింట్లో మెంథాల్, ఒకదానిలో పైవరుసల్లోనే ఆల్కహాల్. మెంథాల్ చల్లదనం నిజంగా వేడి తీసేది కాదు, చల్లగా ఉందని నరాలకు చెప్పడమే. కమిలిన చర్మం మీద అది చురుక్కుమంటుంది. చెమటకాయల పౌడర్ చల్లుకోవడమూ ఇదే కోవలోది.

ఇంకో తమాషా: జెల్‌ను చెమట పట్టిన మెడ మీద రాయగానే నీళ్లయిపోయింది. 'ఎంత బాగా ఇంకిపోయిందో' అన్నారు. ఇంకలేదు. ఇలాంటి జెల్స్‌ను చిక్కబరిచేది కార్బోమర్, దానికి చెమటలోని ఉప్పు తగిలితే చిక్కదనం విరిగిపోతుంది. కాబట్టి ముందు తడిగుడ్డతో చెమట, ఉప్పు పోవాలి, తర్వాతే జెల్. ఏ పూతకైనా ఇదే వరుస.

ఆఖరికి డబ్బాలోకి వెళ్లింది వాసన లేని, గ్లిజరిన్ ఉన్న మామూలు మాయిశ్చరైజింగ్ లోషన్, 100 మి.లీ. గుడ్డ తీసిన వెంటనే, చర్మం కాస్త చెమ్మగా ఉండగానే పలచగా రాయాలి. గ్లిజరిన్‌నే విడిగా కొని నేరుగా రాస్తే మండుతుంది. కాచి చల్లార్చిన నీళ్లు 95 మి.లీ.కి ఒక టీస్పూను, అంటే 5 మి.లీ., కలిపితే సరి. అదీ రెండు రోజులకు మించి ఉంచకూడదు. కాలమైన్ లోషన్ దురద మొదలయ్యే రెండో మూడో రోజుకు మంచిది. ఆ గులాబీ రంగు ఐరన్ ఆక్సైడ్‌ది, అసలు పని జింక్ ఆక్సైడ్‌ది. కానీ చర్మాన్ని ఆరబెడుతుంది, కాబట్టి పొలుసులు లేచే దశలో ఆపేయాలి.

స్టిరాయిడ్ కలిసిన క్రీములు డబ్బాలో లేవు. షాపులో అడగ్గానే ఇచ్చేసినా సరే. మొహానికి రాసుకుని అలవాటు పడ్డవాళ్లు ఆపితే మొహం మళ్లీ ఎర్రబడి మండుతుంది, అప్పుడు ఎండదో క్రీముదో కూడా తేలదు.

ఏప్రిల్ 2

కల్లంలో వాడుకలో ఉన్న వాటిమీద తీర్పులు. వీటి మీదే వాదన ఎక్కువ జరిగింది.

పుల్లబడని చల్లటి పెరుగు పది నిమిషాలు వేస్తే చల్లగానే ఉంటుంది, నష్టం లేదు. కానీ అందులో చల్లదనం తప్ప కుండనీళ్లలో లేని గుణమేదీ ఈ మంటకు కనిపించలేదు. కడగకపోతే వాసన, చీమలు. బొబ్బలుంటే వద్దే వద్దు.

నిమ్మకాయ ప్రమాదం. 'నలుపు విరగాలి' అని పిండి రుద్దుతారు. నిమ్మలో, తొక్కలో ఇంకా ఎక్కువగా, ఫ్యూరోకౌమరిన్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే ఒకటి రెండు రోజులకు బొబ్బలెక్కి, తర్వాత వారాలు, నెలలు నల్లమచ్చ మిగులుతుంది. కారిన చోటల్లా చార చారలుగా. మజ్జిగలో నిమ్మకాయ పిండినవాళ్లు కూడా చేతులు కడుక్కునే ఎండలోకి పోవాలి.

టూత్‌పేస్టు, వంటసోడా రెండూ చర్మానికి క్షారం. చర్మం కొద్దిగా ఆమ్లగుణంతో ఉంటుంది, సోడానీళ్లు ఆ పొరను ఇంకా చెడగొడతాయి. పసుపు రాస్తే ఎరుపు కనపడకుండా పోతుంది, అంతకుమించి ఏంలేదు, ముదిరిందో లేదో తెలుసుకునే దారి మూసుకుపోతుంది. కొబ్బరినూనె, నెయ్యి, వ్యాజలీన్ మొదటిరోజు వద్దు, వేడి బయటికి పోకుండా అడ్డుపడతాయి. మూడో రోజు నుంచి, మంట పోయి బిగుతు మిగిలినప్పుడు, కొబ్బరినూనె బాగా పనిచేస్తుంది. సున్నిపిండితో రుద్దడం పొలుసులు రాలిపోయేదాకా మానాలి.

ఓట్స్ నీళ్లు బాగున్నాయి. సాదా ఓట్స్ నాలుగు పెద్ద చెంచాలు మిక్సీలో మైదాలా చేసి, పదిహేను లీటర్ల బకెట్‌లో కలిపి, ఆ నీళ్లతో గుడ్డలు తడపాలి. చెంచా పొడి గ్లాసు నీళ్లలో వేస్తే పాలలా తెల్లబడాలి. అడుగున దిగిపోతే ఇంకా మెత్తగా విసరాలి. ఒకరు తెచ్చిన ప్యాకెట్ మసాలా ఓట్స్, అందులో కారం ఉంది. మార్చి 27 నాటి గొడవ మళ్లీ జరిగేది, వాసన చూసి ఆపాం.

ఏప్రిల్ 6

లోపలికి తీసుకునేవి. ఓఆర్ఎస్ పొట్లాలు ఆరు. ఒక పొట్లం లీటరు నీళ్లకు, కంటితో అంచనా వేసి గ్లాసుకు సగం పోయడం కాదు. డబ్బాతో పాటు లీటరు గీత గీసిన సీసా పెట్టాం. పలచటి మజ్జిగ, ఉప్పు వేసుకుని, రోజూ ఉన్నదే.

నొప్పికి పెద్దలకు పారాసిటమాల్ 500 మి.గ్రా., ఒక మాత్ర, మళ్లీ వేసుకోవాలంటే ఆరు గంటలు ఆగాలి. ఐబుప్రోఫెన్ ఎండవాపుకు ఇంకాస్త నయమే అయినా కావాలనే పెట్టలేదు. రోజంతా చెమటోడ్చి నీళ్లు తక్కువ తాగిన ఒంట్లో అది కిడ్నీల మీద భారం, ఖాళీ కడుపున అల్సర్ భయం.

ఇంకో ప్రశ్న డబ్బా తెరిచేముందు అడగాలి: ఏం మాత్రలు వాడుతున్నారు? డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, బీపీకి ఇచ్చే హైడ్రోక్లోరోథయజైడ్ లాంటివి వాడేవాళ్లకు కాసేపటి ఎండకే కమిలిపోతుంది. మాత్రలు సొంతంగా ఆపకూడదు, డాక్టరుకు చెప్పాలి, ఈలోగా నీడ పని ఇవ్వాలి.

బొబ్బలు చితక్కొట్టకూడదు. లోపలి నీరు, పైతోలు కలిపి ఒళ్లు తానే వేసుకున్న కట్టు లాంటివి. దానంతట అది పగిలితే సబ్బునీళ్లతో కడిగి, వ్యాజలీన్ పలచగా రాసి, అంటుకోని గాజుగుడ్డ కట్టాలి. అరచెయ్యంత మేర కంటే ఎక్కువ బొబ్బలు, చలిజ్వరం, వాంతులు, మొహం వాపు, కళ్లల్లో నొప్పి, చీము ఏది ఉన్నా డబ్బా మూసేసి ఆస్పత్రికి. ఏడాదిలోపు బిడ్డ ఎంత కొంచెం కమిలినా అంతే.

ఏప్రిల్ 12

మూత లోపలి వైపు అంటించిన కాగితం ఐదు ముక్కలు: చేతులు నూనె–సబ్బు. కుండనీళ్ల గుడ్డ, మూడు నిమిషాలకోసారి మార్పు, పదిహేను నిమిషాలు. చెమ్మ మీద లోషన్. ఒక గ్లాసు ఓఆర్ఎస్. మళ్లీ ఎండలోకి పొడి బట్ట కప్పుకుని. చదవలేనివాళ్ల కోసం పక్కన బొమ్మలు గీయాల్సి వచ్చింది, విసనకర్ర బొమ్మ అందరికంటే ముందు అర్థమైంది.

పొలుసులు లేస్తున్నవాళ్లు ముగ్గురు, కమిలిన ఐదో ఆరో రోజు. లాగొద్దు. అంచు లేచినంతవరకు చిన్న కత్తెరతో కత్తిరించి లోషన్. లాగితే కిందున్న లేత చర్మం బయటపడి, అది మరుసటి ఎండకు ఇంకా త్వరగా కమిలిపోతుంది.

నీడ కొలత కూడా నేర్పాం. తన నీడ తన ఎత్తుకంటే పొట్టిగా ఉంటే ఎండ చర్మానికి చెడ్డది. ఇక్కడ ఏప్రిల్‌లో పొద్దున తొమ్మిదికల్లా ఆ స్థితి వస్తుంది, సాయంత్రం మూడు దాటేదాకా పోదు. మే మొదటివారంలో, కర్తరి మొదలయ్యే రోజుల్లో, మధ్యాహ్నం 12 దాటిన నాలుగైదు నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు, నిలబెట్టిన కర్రకు నీడే ఉండదు. కాయ తిరగేసే పని ఎనిమిదిన్నరలోపు ఒకటి, నాలుగు తర్వాత ఒకటిగా మార్చి, తాలు ఏరడం పాక కిందికి తెచ్చారు.

ఏప్రిల్ 19

కుండ మొరాయిస్తోంది. మధ్యాహ్నం రెండింటికి 27 ఉండాల్సింది 31. గాలి మామూలే, చోటు మారలేదు. చేత్తో తడిమితే కుండ ఒంటికి మునుపటి చెమ్మ లేదు, తెల్లటి పొర కట్టింది. బోరునీళ్లలోని లవణాలు బయటికి ఊరి, ఆరి, కుండ రంధ్రాలను పూడ్చేశాయి. సబ్బు తగలనివ్వకుండా కొబ్బరిపీచుతో బయటా లోపలా తోమి, ఒక రాత్రి బోర్లించి ఆరబెట్టి, మర్నాడు తెల్లవారుజామున నింపాం. ఈ మధ్యాహ్నం 28. వారానికోసారి పీచుతో తోమాలి, నెలకు కుండ మార్చాలి. పాతది తీసుకెళ్లి కలబంద మొక్క నాటుకుంటామని అడిగారు, ఇచ్చేశాం.